మానసిక అనారోగ్యం నుంచి కోలుకోవడంలో కలిసి పాడే పాట, కలిసి చేసే కళ
(విద్యార్థులకు, తల్లిదండ్రులకు అధ్యయన వ్యాసం)

ఇంట్లో పిల్లవాడికి టైఫాయిడ్ వస్తే బంధువులు, ఇరుగుపొరుగువారు పళ్ళు పట్టుకొని పలకరించడానికి వస్తారు. అదే పిల్లవాడు రాత్రిళ్ళు నిద్ర లేక, తనలో తాను మాట్లాడుకుంటూ, ఎవరో తనను వెంటాడుతున్నారని భయపడుతూ ఆసుపత్రిలో చేరితే "ఊరికి వెళ్ళాడు" అని చెబుతాం. చికిత్స జరిగి ఇంటికి తిరిగి వచ్చిన తర్వాత కూడా పెళ్ళిళ్ళకు, పండుగలకు వెంట తీసుకువెళ్ళం. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని భయం. చెల్లెలి సంబంధాలకు అడ్డు వస్తుందేమోనని మరో భయం. ఇలా జబ్బు తగ్గుముఖం పట్టినా మనిషి మాత్రం గదిలోనే ఉండిపోతాడు. అతను మళ్ళీ నలుగురిలోకి రావడానికి పాట, వాద్యం, ఆట, బొమ్మ వంటివి ఎంతవరకు ఉపయోగపడతాయో, ఎక్కడ ఉపయోగపడవో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఇది విద్యార్థుల పత్రికలో ఎందుకు అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. మానసిక వ్యాధులు ఎక్కువగా మొదలయ్యేది చదువుకునే వయసులోనే. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడైనా మానసిక వ్యాధి వచ్చినవారిలో సగంమందికి అది 14 ఏళ్ళలోపే, నలుగురిలో ముగ్గురికి 24 ఏళ్ళలోపే మొదలైంది. మన దేశంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్లు అందులో తేలింది. వందమంది కూర్చున్న కల్యాణమండపంలో సుమారు పదిమంది అన్నమాట. వారిలో ఎంతమంది నోరు విప్పి చెబుతారో మనకు తెలిసిందే.

కోలుకోవడం అంటే ఏమిటి?

డాక్టరు దృష్టిలో కోలుకోవడం అంటే ముందుగా లక్షణాలు తగ్గడం. నిద్ర పట్టాలి, ఆకలి వేయాలి, భ్రమలు పోవాలి. ఇది మొదటి మెట్టు. తీవ్రమైన వ్యాధుల్లో చాలామంది మందులు లేకుండా ఈ మెట్టు ఎక్కలేరు.

అయితే స్కిజోఫ్రీనియా వంటి వ్యాధిలో లక్షణాలు రెండు రకాలు. లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం మొదటి రకం. ఇవి అందరి కంటా పడతాయి, మందులు వీటి మీద బాగా పనిచేస్తాయి. రెండో రకం నిశ్శబ్దంగా ఉంటుంది. మాట తగ్గిపోతుంది. ముఖంలో భావం కనబడదు. ఏ పనీ మొదలుపెట్టాలనిపించదు, ఎవరినీ కలవాలనిపించదు. మందులు వీటి మీద అంతగా పనిచేయవు. "జబ్బు తగ్గింది గాని ఒళ్ళు వంచడం లేదు, సోమరి అయిపోయాడు" అని తల్లిదండ్రులు బాధపడేది ఈ రెండో రకం లక్షణాలను చూసే. అది సోమరితనం కాదు, జబ్బులో ఇంకా మిగిలి ఉన్న భాగం. ఈ సంగతి ఇంట్లోవారికి తెలిస్తే రోజూ జరిగే రభస సగం తగ్గుతుంది.

2011లో బ్రిటన్ పరిశోధకులు కొందరు మానసిక వ్యాధుల నుంచి కోలుకోవడం గురించి అంతకుముందు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, కోలుకునే క్రమంలో తరచుగా కనబడే ఐదు విషయాలను గుర్తించారు. నలుగురితో సంబంధం, రేపటి మీద ఆశ, "నేను రోగిని" అనేది కాక మరొక గుర్తింపు, బతుకులో ఒక అర్థం, తన సంగతి తాను చూసుకోగలనన్న ధైర్యం. వీటి ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి "చైమ్" అని పిలుస్తారు. పరీక్షకు గుర్తు పెట్టుకోవడానికి అది చాలు గాని, ఈ ఐదింటిలో మూడోదాన్ని కొంచెం ఆగి చూడాలి. జబ్బు పడిన అబ్బాయిని ఇంట్లో అందరూ "మాత్ర వేసుకున్నావా?" అనే అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. అయితే రోజంతా వినబడేది ఆ ఒక్క ప్రశ్నే అయితే తాను ఏమిటని అతను అనుకోవాలి? "ఇవాళ డోలక్ నువ్వే వాయించాలి, త్వరగా రా" అని ఎవరైనా పిలిస్తే అది వేరే పిలుపు.

ట్రియెస్తె నగరంలో నీలి గుర్రం

ఆ పిలుపు ఎంత దూరం తీసుకువెళ్ళగలదో చూడటానికి ఇటలీ దేశంలో జరిగిన ఒక సంఘటన చెప్పుకుందాం. ఈశాన్య ఇటలీలో సముద్రపు ఒడ్డున ట్రియెస్తె అనే రేవు పట్నం ఉంది. అక్కడి సాన్ జొవాన్ని మానసిక ఆసుపత్రికి 1971లో ఫ్రాంకో బజాలియా అనే వైద్యుడు అధిపతిగా వచ్చారు. అప్పటికి అందులో సుమారు 1,200 మంది ఉన్నారు. చాలామంది ఏళ్ళ తరబడి గోడ దాటి బయటికి రానివారు.

ఆసుపత్రిలో మాసిన బట్టల బండిని లాగే గుర్రం ఒకటి ఉండేది. దాని పేరు మార్కో. అది ముసలిదైపోయిందని 1972లో కబేళాకు అమ్మాలని నిర్ణయిస్తే, రోగులు దాని తరఫున అధికారులకు ఉత్తరం రాసి దాన్ని బతికించుకున్నారు. గోడ లోపలికీ బయటికీ స్వేచ్ఛగా తిరిగినది ఆ బండి గుర్రమే మరి. 1973 మొదట్లో, రోగులను వేరేచోటికి మార్చగా ఖాళీ అయిన ఒక వార్డులోకి కొందరు చిత్రకారులు, నాటకకళాకారులు వచ్చి కూర్చున్నారు. ఇష్టమైనవారు రావచ్చు, ఇష్టం లేనివారు రానక్కరలేదు. బొమ్మలు వేశారు, పాటలు కట్టారు, కథలు చెప్పుకున్నారు. అందరూ కలిసి కట్టెతో, కాగితపు గుజ్జుతో మార్కో పేరు మీద ఒక పెద్ద గుర్రాన్ని తయారు చేశారు. నీలం రంగు వేశారు. దాని కడుపులో ఏముండాలని చర్చ వచ్చినప్పుడు ఎవరి కోరికలు వారు చెప్పారు.

బొమ్మ పూర్తయ్యాక ఊరేగింపుగా పట్నంలోకి తీసుకువెళ్ళాలనుకున్నారు. తీరా చూస్తే గుర్రం ఆసుపత్రి ద్వారంలో పట్టలేదు. మన ఊళ్ళలో అశ్వవాహనం గుడి గుమ్మం దాటకపోతే ఏం చేస్తామో గాని, అక్కడివారు గుమ్మాన్నే పగలగొట్టారు. రోగులు, నర్సులు, డాక్టర్లు, కళాకారులు అందరూ కలిసి గుర్రాన్ని వీధుల్లోకి తోసుకుంటూ నడిచారు. ఐదేళ్ళ తర్వాత, 1978 మే నెలలో, కొత్తగా ఎవరినీ మానసిక ఆసుపత్రుల్లో చేర్చకుండా వాటిని క్రమంగా మూసివేసి, ఊళ్ళలోనే సేవా కేంద్రాలు పెట్టే చట్టం ఇటలీలో వచ్చింది. చట్టం గుర్రం వల్ల రాలేదు, దాని వెనుక చాలా పోరాటం ఉంది. గుర్రం వల్ల ఎవరి జబ్బూ నయం కాలేదు కూడా. కాని చాలాకాలంగా "అది పిచ్చాసుపత్రి" అని దూరంగా నడిచిన పట్నవాసులు ఆరోజు గుర్రం చేసిన మనుషులను చూశారు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. రోగులు వేసిన బొమ్మలను చూసి డాక్టరు రోగనిర్ణయం చేయడం ఒక పద్ధతి. శిక్షణ పొందిన సంగీత చికిత్సకుడు ఒక్కొక్కరితో లక్ష్యం పెట్టుకొని పనిచేయడం మరో పద్ధతి. బ్రిటన్ వంటి దేశాల్లో ఆ వృత్తికి ప్రభుత్వ గుర్తింపు, నమోదు ఉన్నాయి. ట్రియెస్తెలో జరిగినది ఈ రెండూ కాదు. అక్కడ రోగి, వైద్యుడు, కళాకారుడు ఒకే పనిలో భాగస్వాములు. ఈ వ్యాసంలో మనం ప్రధానంగా చెప్పుకుంటున్నది ఈ మూడో పద్ధతి గురించి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

కథ బాగుంది, లెక్కలు ఏమంటున్నాయని సైన్సు విద్యార్థి అడగాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కళలు, ఆరోగ్యం అనే అంశం మీద 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి ఒక నివేదిక ప్రచురించింది. కళలు వ్యాధి నివారణలోనూ, చికిత్సకు తోడుగానూ ఉపయోగపడతాయని అందులో ఉంది. అంత పెద్ద నివేదికలో అన్ని అధ్యయనాలూ ఒకే నాణ్యత గలవి కావు కనుక కొన్నిటిని విడిగా చూడటం మంచిది.

లండన్‌లో మానసిక ఆరోగ్య సేవలు పొందుతున్న 31 మందికి పది వారాలపాటు వారానికొకసారి సామూహికంగా డోలు వాయించడం నేర్పారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచింది. పోల్చి చూడటానికి పెట్టుకున్న వేరొక చిన్న బృందంలో అంత మార్పు లేదు. అయితే మనుషులు తక్కువ, బృందాలను చీటీలు తీసి విడదీయలేదు. కనుక దీన్ని ఒక సూచనగా తీసుకోవాలి, రుజువుగా కాదు.

అదే పరిశోధకులలో కొందరు ప్రసవం తర్వాత కుంగుబాటుకు లోనైన 134 మంది తల్లులతో చేసిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. ఈసారి చీటీ పద్ధతిలోనే మూడు బృందాలుగా విడదీశారు. ఒక బృందం బిడ్డలతో సహా కూర్చొని పాటలు పాడింది. ఇంకొక బృందం బిడ్డలతో ఆటలు, బొమ్మల పనులు చేసింది. మూడో బృందానికి మామూలు వైద్యసేవ మాత్రమే అందింది. పది వారాలు గడిచేసరికి మూడు బృందాల్లోనూ తల్లులు మెరుగయ్యారు. తేడా ఎక్కడంటే, మధ్యస్థంగా గాని తీవ్రంగా గాని కుంగుబాటు ఉన్న తల్లుల్లో పాడిన బృందం ముందుగా తేరుకుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నెల ముందు తేరుకోవడం చిన్న విషయం కాదని తల్లులకు చెప్పనక్కరలేదు. మన అమ్మమ్మలు బాలింత పక్కన కూర్చొని లాలిపాట పాడుతూ ఆమెచేత కూడా పాడించేవారు. నేటి ఫ్లాట్లలో చాలామంది బాలింతలు ఆ పాట ఫోనులో పెట్టి ఒంటరిగా వింటున్నారు.

పాటకు ఈ వేగం ఎందుకు? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో కొంత జవాబు దొరుకుతుంది. వయోజనుల కోసం కొత్తగా పెట్టిన పాటల తరగతులను, చేతిపనుల తరగతిని, రచనా తరగతిని ఏడు నెలలు గమనించారు. చివరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు సమానంగానే ఏర్పడ్డాయి. పాటల తరగతిలో మాత్రం మొదటి నెలలోనే ఏర్పడ్డాయి. ఒకరి గురించి ఒకరు తెలుసుకొని, ఆ తర్వాత దగ్గర కావడం మామూలు పద్ధతి. పాటలో ముందు దగ్గరవుతారు, పేర్లు తర్వాత తెలుస్తాయి. కొత్తవారితో మాట కలపడమే కష్టమైన మనిషికి ఇది ఎంత మేలో ఊహించండి.

ఇక నాణేనికి రెండో వైపు. బ్రిటన్‌లోనే 417 మంది స్కిజోఫ్రీనియా రోగులతో బొమ్మలు వేసే చికిత్సా బృందాల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. రెండేళ్ళ తర్వాత చూస్తే మామూలు వైద్యసేవ కంటే అదనపు లాభమేమీ కనబడలేదు. పేరు ఇచ్చినవారిలో చాలామంది ఆ తరగతులకు సరిగా రానేలేదు. నా అభిప్రాయంలో ఈ అధ్యయనం మిగతావాటి కంటే ఎక్కువ నేర్పుతుంది. బొమ్మల మీద ఆసక్తి ఉందో లేదో చూడకుండా చీటీలో పేరు వచ్చిందని పంపితే ఎవరు వెళతారు? మరోవైపు, సంగీత చికిత్స మీద స్కిజోఫ్రీనియాకు సంబంధించి 18 అధ్యయనాలను, అంటే 1,215 మంది ఫలితాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2017లో వచ్చింది. మామూలు చికిత్సకు సంగీతాన్ని జోడిస్తే పైన చెప్పిన రెండో రకం లక్షణాల్లోనూ, నలుగురితో మెలగడంలోనూ మెరుగుదల కనబడుతోందని అందులో ఉంది. ఎన్నిసార్లు కూర్చున్నారు, నిర్వహించినవారికి ఎంత నేర్పు ఉంది అనేదాన్ని బట్టి ఫలితం ఉంటుందని కూడా ఉంది. "జోడిస్తే" అన్న మాటను విద్యార్థులు గీత గీసి చదవాలి. మందు మానేసి పాట పెట్టుకోమని ఏ సమీక్షా చెప్పలేదు.

ఫలానా రాగం వింటే ఫలానా జబ్బు పోతుందని చెప్పే చిన్న పుస్తకాలు, సీడీలు మన ఇళ్ళలో చాలానే ఉన్నాయి. మంచి సంగీతం వింటే మనసు కుదుటపడుతుంది, అందులో అనుమానం లేదు. కాని రాగానికొక రోగం చొప్పున వేసిన పట్టికలకు గట్టి ఆధారం లేదు. కుర్చీలో కూర్చొని ఒంటరిగా వినడానికీ, పదిమంది మధ్య కూర్చొని తానూ తాళం వేయడానికీ చాలా తేడా ఉంది.

మన దగ్గర ఉన్నది

ఈ తేడా తెలిసినవారు మన పూర్వీకులలో ఉన్నారు. త్యాగరాజస్వామి కచేరీల్లో వినిపించే కృతులే కాక, దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా రచించారు. సులువైన నడక, తిరిగి తిరిగి వచ్చే వరుస, నలుగురూ కలిసి పాడుకునే వీలు వాటి లక్షణం. ప్రతి సంవత్సరం తిరువయ్యారు ఆరాధనలో వందలమంది నేలమీద కూర్చొని పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుగా పాడతారు. పాడేవారిలో ఎక్కువమంది మాతృభాష తమిళం, పాడేది ఎక్కువగా తెలుగు.

షోలాపూర్, భివండీల్లో మన నేత కుటుంబాలు ఆడే బతుకమ్మ, రాయలసీమ నుంచి వలస వచ్చినవారు మరిచిపోని చెక్కభజన, కోలాటం, శనివారం భజన, ఇవన్నీ అదే కోవకు చెందుతాయి. తెలుగు చదవడం రాని మూడో తరం పిల్లలు కూడా వీటిలో తెలుగు పాడతారు. కన్నడంలోనో, మరాఠీలోనో డాక్టరుకు తన బాధ చెప్పుకోవలసి వచ్చిన మనిషికి, చిన్నప్పుడు ఇంట్లో విన్న పాట మాటలు వెతుక్కోకుండానే నోటికి వస్తుంది.

"వంత పాడటం" అనే మాటను మనం ఎగతాళిగా వాడతాం. ఎవరేమన్నా ఔనౌను అనేవాడిని అలా అంటాం. కాని కోలుకుంటున్నవారికి వంతపాట కంటే మంచి చోటు లేదు. ముందు పాడేవారు ఒక చరణం అందుకుంటారు, మిగతావారు దాన్ని తిరిగి అంటారు. ముందుగా నేర్చుకొని రానక్కరలేదు. గొంతు బాగుండనక్కరలేదు. మధ్యలో ఆగిపోయినా పాట ఆగదు, మళ్ళీ ఎప్పుడైనా కలవవచ్చు. మొదటి నెల వెనుక వరుసలో కూర్చొని వినడమే కావచ్చు. తర్వాత చేతికి తాళాలు ఇవ్వవచ్చు. ఆ తర్వాత గొంతు కలుస్తుంది. ఏనాటికో ఒకనాడు తానే ఒక చరణం అందుకోవచ్చు, అందుకోకపోయినా నష్టం లేదు. కోలాటంలో జడ అల్లేటప్పుడు తప్పు పడితే వెనక్కి అడుగులు వేసి తాళ్ళు విప్పుకుంటారు కదా, ఎవరూ కోప్పడరు. ఆ ఓపిక కావాలి.

దీనికి పెద్ద ఖర్చు లేదు. వారంలో ఒక రోజు, ఒకే సమయం, ఒకే చోటు, ఎనిమిది నుంచి పదిహేనుమంది, గంటకు మించని కార్యక్రమం చాలు. ఇందులో కొందరు జబ్బు పడి లేచినవారు, కొందరు కానివారు ఉండాలి. ఎవరెవరో బయటికి చెప్పకూడదు. రోగుల కోసం ప్రత్యేక భజన పెడితే అది మరో వార్డు అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు

నిర్వహించేవారు మందుల గురించి కొంత తెలుసుకోవాలి. కొన్ని మందుల వల్ల చేతులు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది. ఇంకొందరు ఒకచోట కూర్చోలేక లేచి తిరుగుతుంటారు. తాళం తప్పితే, మధ్యలో లేచి వెళితే అది అశ్రద్ధ అనుకోకూడదు. మంచినీళ్ళు దగ్గర పెట్టాలి, తిరగడానికి చోటు ఉంచాలి.

రాత్రంతా జరిగే జాగరణ భజనలు, అఖండ నామసంకీర్తనలు బైపోలార్ వ్యాధి ఉన్నవారికి మంచివి కావు. నిద్ర చెడితే వారికి ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఉంది. భక్తితో చేసేదే అయినా ఇక్కడ డాక్టరు మాట వినాలి. పెద్ద మైకులు, సౌండు బాక్సులు కూడా వద్దు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు దేవుడు తనతో మాట్లాడుతున్నాడని నమ్మినవారికి భక్తిగీతాల కంటే జానపదాలు, పాత సినిమా పాటలు నయం. ఏ పాట అనేది వారినే అడగడం అన్నిటికంటే మేలు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వేదిక ఎక్కించడం. వార్షికోత్సవంలో "కష్టాలను జయించిన మన అబ్బాయి ఇప్పుడు పాట పాడతాడు" అని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించేవారు మంచి మనసుతోనే చేస్తారు. ఆ క్షణంలో అతను పాటగాడి నుంచి మళ్ళీ రోగిగా మారిపోతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. తన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు, సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు రోగికి ఉన్నాయని అందులో స్పష్టంగా రాశారు.

ఎవరైనా మందులు మానేసినా, చనిపోతానని మాట్లాడినా, రోజుల తరబడి నిద్రపోకపోయినా పాటతో సరిపెట్టకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చెన్నై, పరిసరాల్లో ఉన్నవారికి డాక్టర్ శారదా మీనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, కర్ణాటకలో ఉన్నవారికి నిమ్హాన్స్‌లోని మనోవైద్య పునరావాస విభాగం అందుబాటులో ఉన్నాయి.

విద్యార్థులకు అభ్యాసం

మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వంత ఉన్న పాట ఒకటి సేకరించండి. తెలుగు లిపి రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే రాసుకోండి. ఆ పాటను ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది కలిసి పాడేవారో, గొంతు కలపడానికి కొత్తవారికి ఎన్నిసార్లు అవకాశం వస్తుందో లెక్కపెట్టి రాయండి. తర్వాత మీ పేటలో వారం వారం జరిగే భజనకో, కోలాటం సాధనకో ఒకసారి వెళ్ళి వెనుక వరుసలో కూర్చోండి. కొత్తగా వచ్చిన మిమ్మల్ని ఎవరు పలకరించారు, చేతికి తాళాలు ఎవరు ఇచ్చారు, ఎంతసేపటికి ఇచ్చారు అన్నది గమనించి రాయండి.